బురద రాసే వేగం

వాల్దీవియాలో నాలుగు రోజులుగా ఒకటే వాన.
రేకుల మీద టకటకా టైపు కొడుతూనే ఉంది.
ఈ ఊళ్లో నేను తప్ప
అందరూ ఏదో ఒకటి రాస్తున్నట్టుంది.

నా వ్యాసానికి నాలుగేళ్లు నిండాయి.
దానికి పేరుంది, సారాంశముంది,
ఏడు రకాల మొదటి వాక్యాలున్నాయి.
రెండో వాక్యమే లేదు.

సముద్రం ఒకప్పుడు ఎంత లోపలికొచ్చిందో
బురదనడిగి తెలుసుకోవడం నా పని.
చిత్తడి నేలలో గొట్టం దింపి
మీటరు పొడుగు మట్టిని పైకి లాగి
నిలువునా చీల్చి చూస్తాను.
నల్లటి మట్టి, నల్లటి మట్టి, నల్లటి మట్టి,
ఉన్నట్టుండి నాలుగు వేళ్ల మందాన
బూడిదరంగు ఇసుక.
అరవయ్యో సంవత్సరం, మే నెల, ఆదివారం మధ్యాహ్నం.
అమ్మమ్మ కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని
గుట్టెక్కిన రోజు.

రాయడమంటే ఆ ఇసుకే అనుకున్నాను ఇన్నాళ్లూ.
ఒక్క రాత్రి, ఒక్క కెరటం,
తెల్లారేసరికి ఇరవై పేజీలు.
సెలవులు రానీ, అన్నాను.
వచ్చాయి.
కట్టెలు చీల్చాను, కిటికీలు తుడిచాను,
రిఫరెన్సుల్ని అక్షరక్రమంలో పేర్చాను,
బియ్యంలో రాళ్లేరినట్టు
కామాల ముందు ఖాళీలు ఏరాను.
అన్నం మాత్రం వండలేదు.

రోసమెల్ తీరే వేరు.
నాచు మీద పరిశోధన, రెండు వేళ్ల టైపింగు.
పొద్దున ఆరున్నరకి ల్యాబు వంటగదిలో కూర్చుంటాడు.
నాలుగు వాక్యాలు, ఒక్కోరోజు మూడు.
చివరిది సగంలో ఉండగానే
కప్పు కడుక్కుని లేచిపోతాడు.
"పూర్తిచేయవేం?" అంటే
"రేపు దేన్ని పట్టుకుని ఎక్కను?" అంటాడు.
అతని ఫలితాలు నావాటికంటే గొప్పవేం కావు.
(ఈ మాట బయట అనకండి.)
అయినా ఏడాదికి రెండు వ్యాసాలు,
నిద్ర పట్టిన మొహం.

జూన్‌లో ఓ మంగళవారం నేనూ వెళ్లాను.
నచ్చి కాదు. ఇంట్లో కట్టెలు తడిసి
కళ్లనిండా పొగ.
ఫోను రొట్టెల డబ్బాలో వెయ్యమన్నాడు.
ఆపైన మాటల్లేవు.
మూలన ఫ్రిజ్ మూలుగుతోంది, దాన్నిండా నా మట్టి గొట్టాలు.
ముప్పావుగంటకి అరవై ఒక్క పదాలు.
అందులో ఇరవై "అయితే"లు, "బహుశా"లు.

మర్నాడు నలభై. ఆ మర్నాడు
రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి,
లెక్కకి సున్నా.
ఎర్సీలియా, మా కొత్త విద్యార్థిని,
మాతె కప్పు చేతికిస్తూ అడిగింది:
"ఇంతకీ ఆ ఇసుక ఏమంటోంది?"
"మనమనుకున్న దానికంటే లోపలికొచ్చానంటోంది."
"అదే రాయొచ్చు కదా!"
నాకు ఒళ్లు మండింది.
శుక్రవారం అదే రాశాను.

ఆగస్టులో ఒకరోజు, నమూనా చీలుస్తూ ఉంటే తట్టింది.
ఆ కెరటం తెచ్చిన ఇసుక నాకెలా దొరికింది?
గట్టు మీద పడ్డదంతా తరవాతి వానకే కొట్టుకుపోయింది.
ఇక్కడిది మిగిలింది,
పైన బురద పడుతూ వచ్చింది కనక.
ఆకు కుళ్లి, గడ్డి కుళ్లి,
ఏడాదికో మిల్లీమీటరు,
ఎవరూ మెచ్చుకోని పొర మీద
ఎవరూ మెచ్చుకోని పొర.
నాకూ వచ్చాయి ఇరవై పేజీల రాత్రులు, ఒకటో రెండో.
వాటి మీద ఏమీ పడలేదు.
ఎటు పోయాయో తెలీదు.

అక్టోబరులో పంపించాం.
జనవరి ఎండలో, నది ఒడ్డున చేపల బజారులో
మెట్లకడ్డంగా పడుకున్న సముద్రసింహాన్ని
దాటలేక నిలబడి ఉంటే
సమీక్షకుల ఉత్తరం వచ్చింది.
మొదటాయన రెండు పటాలు మార్చమన్నాడు.
రెండో ఆయన ఇలా మొదలుపెట్టాడు:
"ఈ వ్యాసం తొందరపడి రాసినట్టుంది."

ఎర్సీలియాకి చదివి వినిపిస్తే
మాతె పొలమారింది.
రోసమెల్ నవ్వలేదు,
రొట్టెల డబ్బా మూత తీసి
నా ముందుకు జరిపాడు.