వంతు

రాత్రి ఒంటిగంటుంపావుకి ఆట.
మొగల్తూరు రొయ్యల చెరువు గట్టు మీద
నాది ఎరుపూ నలుపూ,
పక్క చెరువు కాపలా అబ్బులుది నీలమూ నలుపూ.
నలుపు దగ్గర మాత్రం ఇద్దరం ఒకటే.

మిలాన్‌లోనూ అంతేనట:
రెండు జట్లకీ ఒకటే మైదానం,
మన బోదె నీళ్ళలా వంతులు.
"మీ వంతునాడు గడ్డి కూడా ఏడుస్తుందిరా" అంటాడు.
"మీ గోలీ బంతిని మట్టగిడసని పట్టినట్టు పడతాడు" అంటాను.

లోపల దిగులే.
మా డిఫెండర్లలో ఒకడికి మోకాలు, ఒకడికి రెడ్ కార్డు,
మిగిలిన పిల్లోడు
ఇంకా కౌంటుకి రాని రొయ్య.

ఎనభై ఎనిమిదో నిమిషం. కార్నర్.
కరెంటు పోయింది.

ఏరియేటర్లు ఆగినప్పటి నిశ్శబ్దం
ఏ స్టేడియంలోనూ ఉండదు.
వాడి డీజిలింజను మహా మొండిది.
ఫోను చెప్పుల మీద పడేసి పరిగెత్తాను.
తిట్టుకుంటూనే ఇద్దరం హ్యాండిలు తిప్పాం,
నీళ్ళ మీదికి మీసాలు తేలకముందే
డుగుడుగుమంది.

నేనే ముందొచ్చాను.
తెర మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కావిలించుకుంటున్నారు,
నీలమూ నలుపూ.

డీజిలు చేతులు లుంగీకి తుడుచుకుంటూ
"ఎంతరా?" అన్నాడు అబ్బులు.

"ఇంకా ఆడుతున్నారు" అన్నాను.