మంచుకి కాలమ్ లేదు

మీనంబాక్కం నుంచి దమ్‌దమ్ దాకా
పదమూడు వందల డెబ్భై చిల్లర అన్నాడు
హేచరీకి కొత్తగా వచ్చిన అకౌంటెంటు.
తెర మీద గీత కూడా చూపించాడు,
వంగీ వంగనట్టు, సముద్రం మీదుగా.
తిన్నగా గీయొచ్చు గదా అబ్బయ్యా అంటే
భూమి గుండ్రం కదా మేడమ్ అన్నాడు.
ఇస్కపల్లిలో నన్ను మేడమ్ అనేది అతనొక్కడే.

పదహారేళ్ళుగా కొలుస్తుండా నేనా దూరాన్ని,
విమానం ఎక్కకుండానే.
మూడు లీటర్ల ఉప్పునీళ్ళు,
కంటికి ఆనీ ఆనని రెండు వేల రొయ్యపిల్లలు,
మిగతా సంచంతా ఆక్సిజను.
మూతి మెలేసి, మడిచి, రెండు రబ్బరుబ్యాండ్లు.
అరచేత్తో తడితే టంగుమనాలి.
మెత్తగా పలికిందా,
కలకత్తా దాకా చాలదు.

సాయంత్రం నాలుక్కి పెంచలయ్య వ్యాను కదులుతుంది.
వెంకటాచలం టోల్‌గేటు, బూదనం టోల్‌గేటు,
తడ దాటితే బోర్డులు అరవంలోకి మారతాయి.
అక్కణ్ణుంచి ఫోను చేస్తాడు.
ఇంకేం చెప్పడు, "దాటినా" అంటాడు.
ఆ మాట విన్నాకే నేను అన్నం కలుపుకునేది.

పోయిన పుష్యమాసంలో అవతల మంచు కమ్మింది.
దిగను చోటు కనపడక
విమానం తిరిగిందంట, తిరిగి తిరిగి
భువనేశ్వరంలో వాలిందంట.
ఆఫీసు కాగితంలో ఆ రోజూ పదమూడు వందల డెబ్భైయే.
నా సంచుల్లో మాత్రం
దూరం పందొమ్మిదో గంటలోకి పోయింది.

మధ్యాన్నం మండల్ బాబు ఫోను.
ఆయనకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు,
అంకెలొక్కటీ హిందీలో.
తెల్ల పింగాణీ పళ్ళెంలో వంచి
కదిలేవాటిని లెక్కపెడతాడాయన.
ఇక్కడ నాదీ అట్టాంటి పళ్ళెమే.
రెండు పళ్ళేల మధ్య తేడా ఎంతో
అంతే నాకు తెలిసిన దూరం.
ఆ పొద్దు, సంచికి ఏడు వందలు.

ట్యాంకులు కడిగే వెంగమ్మ కూతురు
ఆదివారం బడి గ్లోబు తెచ్చింది, టెంకాయంత.
నా బల్ల మీది రబ్బరుబ్యాండు తెంపి
రెండు గుండుసూదుల మధ్య లాగి కట్టింది.
వేలితో పక్కకి నెట్టి వదిలితే
మళ్ళీ ఆ గీతలోకే వచ్చి కూర్చుంటుంది.
"దగ్గర దారి అదే వెతుక్కుంటది అత్తా."
ఇన్నేళ్ళు మూతులు కట్టినా,
దానికి దారి తెలుసునని నాకు తెలీదు.

మన ఊరు యాడే అంటే గోరు ఆనించింది.
నెల్లూరూ ఒంగోలూ చెన్నపట్నమూ
అన్నీ ఆ గోటి కిందే పోయినాయి.
పెంచలయ్య ఐదు గంటల రోడ్డు,
రెండు టోల్‌గేట్లు, ఒక టీ.

దగదర్తిలో విమానాలు దిగుతాయని
అతను ఏటా చెప్తాడు.
దిగితే గంటలోపే గదక్కా అంటాడు.
దాన్నుంచి ఎంతో చూడమంటే
అకౌంటెంటు వెతికి వెతికి
ఆడ ఇంకా ఏమీ లేదు మేడమ్ అన్నాడు.

మళ్ళీ పుష్యం వచ్చింది.
ఈ పొద్దు సంచికి పద్దెనిమిది వందలే పోయించినా.
మూడు వందల సంచుల సరుకు
మూడు వందల ముప్పై మూడైంది.
ఈ ముప్పై మూడూ దేనికని అడిగాడు.
మంచుకి, అన్నా.
కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.
మంచుకి కాలమ్ లేదు మేడమ్.

తొమ్మిది దాటింది.
ఫోను బల్ల మీదే ఉండాది,
అన్నం గిన్నె మీద మూతా అట్టానే.