పన్నెండు సెంటీమీటర్లు

మెడ వెనక, జడ కిందుగా
బయటికి కనపడని చోట కత్తిరిస్తారు.
ఎంతో కాదు, అగ్గిపుల్ల లావు పాయ.
కుదురు వైపు ఎర్రదారం ముడేసి
కాగితానికి అంటిస్తారు.
పేరు రాయరు. నంబరు: నలభై ఒకటి.

నలభై ఒకటి పేరు దొర్వలీన.
తపజోస్ నది మలుపులో
కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇల్లు.
మంత్రసాని. ఆ ఒడ్డున సగం ఊరు
ఆమె అరచేతుల్లోకే జారిపడి ఏడ్చింది.

జుట్టు నెలకో సెంటీమీటరు.
తిన్నది తిన్నట్టు రాసుకుంటూ పోతుంది,
కొట్టివేతలుండవు.

దొర్వలీనకూ ఒక నోటుబుక్కు ఇచ్చారు,
ఏ పూట ఏ చేపో రాయమని.
ఆమెకు అక్షరాలు సగమే వచ్చు,
మిగతా సగం బొమ్మలు:
టుకునారేకి తోక మీద కన్ను,
పకూకి మనిషి పళ్ళు.
మధ్యలో ఎవరూ అడగని సంగతులు,
కిరోసిన్ బాకీ,
పై ఇంటి పిల్లకి తెల్లారుజామున నొప్పులు,
ఆడపిల్ల, బొడ్డు మెడకి చుట్టుకుంది, బతికింది.

నేను బెలేంలో, చలిగదిలో,
ఆమె ఏడాదిని బ్లేడుతో
నెలలుగా కోసేవాణ్ణి.
యంత్రం ఒక్కో ముక్కనీ కాల్చి
పాదరసం ఎంతో చెబుతుంది.
ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో సెంటీమీటరు, ఏప్రిల్: ఇరవై రెండు.
నది అడవిలోకి ఎక్కే కాలం.
పకూలు మునిగిన చెట్ల కింద
రాలే పండ్ల కోసం వెళ్ళిపోతాయి.
గాలానికి దొరికేవి
సాటి చేపల్ని మింగి బలిసినవే.
చిన్న చేపని పెద్ద చేప మింగుతుందని
ఎప్పటి మాటో.
మింగిన దాని విషం కూడా
పెద్దదానికే దక్కుతుందని
ఆ మాట అన్నవాళ్ళకి తెలీదు.

పదో ముక్క దగ్గర చెయ్యి ఆగింది.
సెప్టెంబరులో పద్నాలుగు,
అక్టోబరులో పది, ఆ తర్వాత ఏడు, అయిదు,
మెట్లు దిగినట్టు.
నీళ్ళు తీసి చేపలు చేతికందే రోజుల్లో!
యంత్రం తప్పనుకున్నాను.
మళ్ళీ కాల్చాను. అంతే.

నోటుబుక్కు తీశాను.
మూడు నెలలు ఒక్క చేప బొమ్మ లేదు.
"పిండి."
"పిండి, అరటికాయ."
"పిండి."
"వల మేకుకే ఉంది."
"జెనివాల్దో ఎగువన బంగారం గనిలో. కబురు లేదు."

అక్కడ జెనివాల్దో
బురదలో పాదరసం పోసి
బంగారపు నలుసుల్ని పోగుచేసి
గుడ్డలో పిండి, మంట పెట్టి ఊదుతున్నాడు.
చేతిలో మిగిలింది వాడిది.
ఎగిరింది, ఒలికింది నదిది.
ఇక్కడ ఆకలికి
ఆమె జుట్టు శుభ్రపడుతోంది.

జనవరిలో తిరిగొచ్చాడు.
ఆ పేజీ నిండా ఒకే చేప,
తోక మీద కన్ను చాలా శ్రద్ధగా గీసి ఉంది.
పక్కన చిన్న సున్నా.
సున్నా అనుకున్నాను చాలా రోజులు.
ఉంగరం.
ఆ నెల అంకె మళ్ళీ పైకి లేచింది.

నా భాషలో
ఒకచోట నిలవని చురుకైన పిల్లని
పాదరసం అంటాం, ముద్దుగా.
దొర్వలీన మనవరాలు లూసినేయ,
ఆరేళ్ళది, పలక ముందు కూచుంది.
ఇరవై అయిదు రంధ్రాలు, ఇరవై అయిదు పుల్లలు.
గడియారం పట్టుకున్న అమ్మాయి
మెల్లగా తలెత్తి
"ఇంకోసారి చేద్దామా, బంగారం?" అంది.

తర్వాత ఊళ్ళో సమావేశం పెట్టారు.
చేపల్ని తినే చేపలు తగ్గించండి,
పండ్లు తినే చేపలు తినండి, మీరూ పండ్లు తినండి.
మంచి మాటే, లెక్కలు తేల్చిన మాట.
దొర్వలీన లేచి అడిగిందట:
"నా జుట్టు బాగున్న నెలల్లో
నేనేం తిన్నానో కూడా
ఆ బొమ్మలో వేస్తారా?"

ఈ ఏడాది కవరు నిన్న వచ్చింది.
నలభై ఒకటి. ఎర్రదారం.
నల్లటి పాయలో రెండు తెల్ల వెంట్రుకలు.
వాటిని వేరు చెయ్యలేదు.
బ్లేడు తుడిచి,
కుదురు వైపు నుంచి మొదలుపెట్టాను.