తొమ్మిదో వంటకం

పదకొండింటికే కొట్టు మూసేశాను.
క్రిస్మస్ ముందురోజు కసాయి కొట్టు మూయడమంటే
చేతికొచ్చిన బేరాన్ని కాలదన్నుకోవడమే.
ఎవరో అద్దానికి ముఖం ఆనించి చూసి
తిట్టుకుంటూ వెళ్లారు.

పండగ రాత్రి వంటకి మా అమ్మ స్తోయ్నాకి
నా చేతులు కావాలి, చేతుల వాసన అక్కర్లేదు.
ఉప్పు, నిమ్మచెక్క, మళ్లీ ఉప్పు.
ముక్కు దగ్గర పెట్టుకుని చూసి
"ఇంకోసారి" అంది.

బయట రోదోపి కొండల మీద మంచు
పొగగొట్టం పొగనీ కదలనివ్వడం లేదు.
లోపల నిన్నటి నుంచి నానుతున్న చిక్కుడు గింజలు,
ఒక్కోటి బొటనవేలి గోరంత, వంకాయరంగు మచ్చలతో.
వేడినీళ్లలో ఎండు మిరపకాయలు
మెల్లగా తమ పొట్టలు గుర్తు తెచ్చుకుంటున్నాయి.

ఎముక ఎక్కడ విడిపోతుందో
కత్తి కంటే ముందే తెలుసు నా వేళ్లకి. ముప్పై ఏళ్లు.
ఊరవేసిన క్యాబేజీ ఆకు ఈనె దగ్గర మాత్రం
వరసగా నాలుగుసార్లు ఓడిపోయాయి.
"అంత బిగించకు నాన్నా, బియ్యం ఉబ్బుతుంది.
దానికి ఊపిరాడాలి."

గెర్గానా. మూడేళ్లుగా నేను అమ్మేది తినదు.
పాలు ముట్టదు, గుడ్డు ముట్టదు.
సోఫియా నేర్పిన బుద్ధి అన్నాను నేను.
కత్తి కింద పెట్టాక మాట్లాడదాం అంది తను.
ఏడు నెలలు ఇద్దరం ఫోన్ ఎత్తలేదు.
"పిల్ల వస్తే ఏం వండను?" అని నా భార్య ఇస్క్రా
ప్రతి ఆదివారం ఖాళీ గిన్నెని అడిగేది.

మిరపకాయలోకి గింజలు కూరుతూ, తలెత్తకుండా, అమ్మ:
"నలభై రోజులుగా నోరు కట్టుకునున్నాను.
డెబ్బై ఏళ్లుగా ఏటా అంతే.
నాకెవరూ దానికో పేరు పెట్టలేదు.
తగువూ పెట్టుకోలేదు."

ఇక లెక్క. బల్ల మీద వంటకాలు బేసిగా ఉండాలి,
లేకపోతే ఏడాదంతా సరిపడదు.
నా అక్క కొడుకు మోమ్చిల్, ఆరేళ్లవాడు,
రొట్టె దగ్గర మొదలెట్టి వేళ్లు మడిచాడు.
గుమ్మడి పొరల దగ్గర ఒక చెయ్యి అయిపోయింది.
ఎండు పళ్ల నీళ్లు, ఉడికించిన గోధుమలు, అక్రోట్లు...
"తేనెతో తొమ్మిది!" అని ఎగిరి, ఆగి,
"గెర్గానా తేనె తినదుగా" అన్నాడు.

ఎనిమిది.
ఇస్క్రా పొయ్యి వైపు తిరిగింది.
"ఉప్పుని లెక్కేద్దాం" అంది అక్క.
"ఉప్పు వంటకం ఎలా అవుతుందే?" అంది అమ్మ.
నా కూతురు చేతులు తుడుచుకుంటోంది,
అప్పటికే తుడిచిన చేతులే.

నేను నేలమాళిగలోకి దిగాను.
దూలానికి వేలాడుతున్నాయి నా సాసేజీలు, ఎండుతూ.
తల వంచి వాటి కింద నుంచి వెళ్లి
పీపాలోంచి నిండు క్యాబేజీ తీశాను, చల్లగా, బరువుగా,
చెయ్యి మోచేతి దాకా కొంకర్లు పోయింది.
పైకొచ్చి నా పెద్ద కత్తి కడిగాను. రెండుసార్లు.

గెర్గానా కత్తిని చూసింది.
చెక్క జారకుండా రెండు చేతులతో పట్టుకుంది.
తన వేళ్లకి అంగుళం దూరంలో
కొట్టాను, సన్నగా, ఇంకా సన్నగా,
అంత జాగ్రత్తగా నేనే మాంసమూ కొట్టలేదు.
నూనె పోసి, ఎర్ర కారం చల్లింది తను.
"ఎక్కువైంది" అన్నాను.
"కాలేదు" అంది.
అప్పటికి మా సంభాషణ అంతే.

అమ్మ ధూపం పట్టుకుని గది గదీ తిరిగింది.
రొట్టె విరిచింది. నాణెం అక్కకి దొరికింది,
ఏటా తనకే దొరుకుతుంది, దొంగతనమేదో ఉంది అందులో.

ఆ రాత్రి బల్ల ఎత్తకూడదు,
పోయినవాళ్లు వచ్చి తింటారు.
తేనె గిన్నె మా నాన్నకని వదిలేశాం.
తెల్లారి చూస్తే సగం లేదు.

నాన్న వచ్చాడు, అని కళ్లొత్తుకుంది అమ్మ.
మోమ్చిల్ దిండు
వాడి చెంపకి అతుక్కుపోయి ఉంది.