జెడ్ అంటే జెడ్

చియాతురాలో జనవరి. ఆఫీసు హీటరు
ఒక కాలినే వెచ్చబెడుతుంది.
లోయ మీద కేబుల్ కారుకి మూడు స్తంభాలు,
మూడు వరసల కొలతలు,
తెలియనివీ మూడే:
ఇనుప తాడులో బిగువు, కప్పీలో రాపిడి,
ఆ చివర వేలాడే ఎదురు బరువు
మంచుతో కలిపి ఎంతో.

మాల్ఖాజ్ తెచ్చిన కాగితం తడిసిపోయింది.
అంకెలు మాత్రం పొడిగా, బుద్ధిగా ఉన్నాయి.

గ్లవ్స్ తియ్యకుండానే కొట్టాను.
ఈ సాఫ్ట్‌వేర్ నాకెందుకు ఇష్టమంటే
పదిహేడులో మూడో వంతుని
పదిహేడులో మూడో వంతనే అంటుంది,
ఐదు పాయింటు ఆరు ఆరు ఆరు అని నసగదు.

సాల్వ్ చెయ్యమన్నాను.
రెప్పపాటు కూడా పట్టలేదు.

ఎక్స్ ఎంతంటే, జెడ్‌ని అడగమంది.
వై ఎంతంటే, మళ్లీ జెడ్‌నే అడగమంది.
సరే, జెడ్ ఎంత?
జెడ్ అంటే జెడ్, అంది.

కామా ఎక్కడో జారిందేమోనని వెతికాను.
జారలేదు.
అప్పుడు వరసల్ని ఒకదాన్లోంచి ఒకటి తీసేయించాను.
మూడోది సున్నా, సున్నా, సున్నా,
సమానం సున్నా.

ఇంత శుభ్రమా!
ఈ లోయలో గాలి ఏ కొలతనైనా
అరకిలో అటూ ఇటూ చెయ్యకుండా పోదే.
మూడో వరసలో ప్రతి అంకె
మొదటిదానికీ రెండోదానికీ సరిగ్గా నడిమధ్య,
పెళ్లి ఫొటోలో దూరిన చుట్టంలా
నవ్వుతూ నిలబడింది.

కాకిలెక్క అందామంటే
ఆ ఎత్తుకి మొన్న కాకి కూడా పోలేదు.

మాల్ఖాజ్ కిటికీ దగ్గర చిక్కుడుగింజల రొట్టె తింటున్నాడు.
తెర అతని వైపు తిప్పాను.
సమీకరణాలు అతనికి రావు,
సున్నాలు వచ్చు.
చాలాసేపు నమిలాడు.

"మూడో స్తంభం నిచ్చెనకి పదకొండో మెట్టు లేదు.
ఆకులు రాలేటప్పుడే ఊడింది.
రెండుసార్లు రాసిచ్చాను."

రాసిచ్చాడు. రెండూ నా డ్రాయర్లోనే ఉన్నాయి,
హీటరు రసీదు కింద.
రెండోది మొదటిదాన్నే
అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెబుతోంది.
రెండుసార్లు చెప్పినా
నాకు ఒక్కసారీ తెలియలేదు.

కంప్యూటర్ అలాగే వదిలేసి
వెల్డింగ్ సామాను మోసుకుని ఎక్కాం.
అతను పైన మెట్టు అతికాడు,
నేను కింద, అతని నడుముకి కట్టిన తాడు పట్టుకుని,
క్విరిలా నది వైపు చూడకుండా.

పైనుంచి అతను అరిచిన అంకె
సగం గాలికి పోయింది.
మళ్లీ అరవమన్నాను.
ఈసారి పాయింటు తర్వాతది కూడా వినిపించింది.
దేనికీ సగం కాదది.