గాలి తాగే చోటు

నా ఫార్గోకు దగ్గు పట్టి ఇరవై దినాలు.
పెట్రోలు బండి, నాకన్నా నాలుగేండ్లు పెద్దది,
వీపున నీళ్ల ట్యాంకు కట్టుకోని
ఉరవకొండ సందుల్లో తిరిగేది.
నిలబెడితే వణుకుతాది.
చోక్ లాగితే కుదురుకుంటాది, వదిలితే చస్తాది.
ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బాగానే లాగుతాది,
అదే నాకు అర్థం కానిది.

గుంతకల్లోడు కార్బురేటర్ విప్పి
జెట్టులో తంతి తోసి బెజ్జం పెద్దది చేసినాడు.
బళ్లారి రోడ్డు మేస్త్రీ పాయింట్లు గీకి
ఎనిమిదొందల చీటీ చేతిలో పెట్టినాడు.
ఇద్దరిదీ ఒకటే మాట:
"ముసిల్ది. అమ్మేయ్."

దూదేకుల పక్కీరప్ప ఏమీ విప్పలేదు.
బానెట్ ఎత్తి ఊరికే నిలబడినాడు
చావింటికొచ్చిన దూరపు చుట్టం మాదిరి.
బీడీ చెవి మీదే ఉండాది, ముట్టించలేదు.
తర్వాత ప్లగ్గులు ఆరూ తీసి
గోనెపట్ట మీద వరసగా పండబెట్టినాడు.
అయిదు మసి.
ఆఖరిది సున్నం కొట్టినట్టు తెల్లన.
"అయిదుగురు మెక్కినారు, ఒగడు పస్తు.
తప్పు వంటలో లేదబ్బా, వడ్డనలో ఉండాది."

మళ్లీ బిగించి, స్టార్ట్ చేయించి
ఒక చెంబు నీళ్లడిగినాడు.
ట్యాంకు కొళాయి తిప్పి ఇచ్చినా.
చిన్న కుళ్లాయి, పన్నెండేండ్ల పిల్లోడు,
గుడ్డ పీలిక ముంచి
మ్యానిఫోల్డ్ అతుకు పొడుగునా చుక్కచుక్కగా పిండుతాన్నాడు.
ఒకటో గొట్టం కాడ దగ్గే.
రెండు, మూడు, దగ్గే.
కాలిన ఇనుము మీద చుక్కలు చిర్రుమంటాండాయి.
నాలుగు. అయిదు.
ఆరో దాని కాడ
చుక్క చిర్రుమనలేదు.
లోపలికి పోయింది.

ఒక్క గుక్క సేపు
ఇంజను దగ్గు మానింది.
మా నాయన తోలిన దినాల గొంతు అది,
తొట్లె ముందర పెట్టినా బిడ్డ లేవనంత మెత్తన.
మళ్లీ మొదలు.

"ఈడ. గాలి ఈడ తాగుతాంది."
గ్యాస్కెట్ మూలన వెంట్రుకంత చీలిక.
దానికి ఇరవై దినాలు,
ఎనిమిదొందలు,
పెద్దదైపోయిన ఆ బెజ్జం.
"అది పూడ్చలేము. పాత జెట్టు యాడన్నా దొరికితే తే,
అందాకా పెట్రోలు జాస్తి తాగుతాది, తిట్టొద్దు దాన్ని."

చెంబులో మిగిలిన నీళ్లు పారబోయలేదు.
సగం తాగి, సగం కుళ్లాయికిచ్చినాడు.
ఎంతివ్వాలన్నా అంటే
బీడీ అప్పుడు ముట్టించి, బండికి ఆమడ దూరం జరిగి,
"గ్యాస్కెట్‌కు అరవై.
చూసినందుకు
మా ఇంటికాడ రెండు బిందెలు దించిపో."