ఆరున్నొకటి

గుణుపురం సంతలో
మా నాన్న కుంచం చేతపడితే
ఒకటి అనేవాడు కాదు.
"లాభం" అనేవాడు.
లాభం, రెండు, మూడు...
చోళ్ళ దుమ్ము ముక్కులోకి పోతున్నా
ఆ వరస తెగేది కాదు.
ఆరు దాకా వచ్చి
గొంతు కాస్త పక్కకి తప్పుకుని
"ఆరున్నొకటి."
ఆ పైన ఎనిమిది.

ఏడు అంటే ఏడవమన్నట్టే కదా,
కొట్టు తెరుచుకుని ఎవర్ని ఏడవమంటాం!

నేను ఒడియా బడి పిల్లని.
అక్కడ సాత ఎవర్నీ ఏడిపించదు,
ఆరుకీ ఎనిమిదికీ నడుమ బుద్ధిగా కూచుంటుంది.
(ఈ తెలుగు అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చినవి.
వంకరగా ఉంటే ఓర్చుకోండి.)

గురుబారి తెల్లారకుండానే కొండ దిగేది,
తలమీద బుట్ట, బుట్టలో చోళ్ళు,
చోళ్ళ మీద చుట్ట చుట్టిన గొడుగు.
సవర మాటలో నీళ్ళు
గొంతులో ఒకసారి ఆగి మళ్ళీ బయల్దేరతాయి.
ఎన్నిసార్లు అనబోయినా
నా నీళ్ళు ఆగేవి కావు.
ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

మా తెలుగు ఆమె నేర్చింది ఏ బళ్ళోనూ కాదు,
మా కుంచం దగ్గరే.
అందుకే దుర్యోధన పాత్రో టీ బడ్డీ ముందు నిలబడి
"లాభం టీ, బావు" అనేది.
అతనికీ లాభమంటే లాభమే,
అయినా ఒక్క గ్లాసే పోసేవాడు.
బస్సు ఎన్నింటికే అంటే
"ఆరున్నొకటికి."
మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.
తప్పు ఎవరిదో
మాకు తోచలేదు.
తోచినా చెప్పేవాళ్ళం కాదేమో.

ఆ ఏడు వానలకి రెండు నెలలు కనబడలేదు.
వంశధార తగ్గాక వచ్చింది.
నాన్న కొలుస్తున్నాడు. అమ్మ ఊసుపోక అడిగింది:
"ఎంతమందే పిల్లలు నీకు?"

"మూడు," అంది గురుబారి.
"లాభం పోయింది. రెండున్నాయి."

నాన్న తలెత్తలేదు.
నాలుగో కుంచానికీ అయిదో కుంచానికీ మధ్య
ఊపిరి తీసుకునే చోట అన్నాడు:
"లాభం పోతే పోనీవే!
వచ్చే సంతకి మళ్ళీ వస్తాది."

వస్తాది. ఆ మాట ఆమెకి బాగా తెలుసు.
ఉప్పు వస్తాది, కిరసనాయిలు వస్తాది,
ఆగిపోయిన బస్సు కూడా వస్తాది.

"వస్తాదా?" అంది.

అని, అరచెయ్యి నేల మీద వాల్చి, కొంచెం పైకి లేపి
ఇంత, అని చూపించింది.
కుంచం కంటే రెండు జానలు ఎత్తు.

మా నాన్న పేరు తవిటయ్య.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాయనమ్మ నాలుగోవాణ్ణి తవుడు కొలిచి కొన్నట్టు నటించి
పెట్టిన పేరు.
చావు గుమ్మం దగ్గరే నిలబడి వింటుందని,
మాట పక్కదారి పట్టిస్తే
అదీ పక్కకి పోతుందని
మా ఇంట్లో అందరి నమ్మకం.

నాన్న చాలాసేపు కుంచం అడుగు తడుముతూ ఉండిపోయాడు.
అయిదు అన్నాడు.
ఆరు అన్నాడు.
తర్వాతది ముంచి,
ఎప్పుడూ గోపురంలా పొయ్యనిచ్చేవాడు
ఆ పూట అరచేత్తో అంచుకి చదును చేసి

"ఏడు" అన్నాడు.

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.
ఆ కొట్టులో ఆ మాట
అదివరకు నేను వినలేదు.

గురుబారి మా నాన్న వంక చూసింది,
లెక్క తప్పిన చంటాణ్ణి చూసినట్టు.
మెల్లిగా దిద్దింది:
"ఆరున్నొకటి, బావు."

చీటీ మీద నేను ఒడియా అంకె వేశాను.
దాన్నెవరూ పైకి చదవలేదు.